వద్దన్న ఆడపడుచు

దసరా వెళ్ళిన మర్నాడు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. మా విజయనగరం పైడితల్లి అమ్మవారి బొమ్మ, దాని కింద ఎర్రటి అక్షరాలు. మహిషాసురమర్దిని అవతారమైన పైడిమాంబను తలచుకుంటే శత్రువులు నశిస్తారట, పదకొండు మందికి పంపిస్తే మూడు రోజుల్లో శుభవార్త వింటారట. పంపింది మా చిన్నాన్న. రిటైరైన ఇంజనీరు, మనిషి వెన్న. అయినా నేను ఉండబట్టలేకపోయాను. "చిన్నాన్నా, పైడితల్లి ఎవరినీ చంపలేదు, యుద్ధం వద్దంది" అని రాశాను. గ్రూపు ఒక పూటంతా మూగబోయింది. సాయంత్రానికి ఎవరో అరటిగెల బొమ్మ పెట్టి మాట మార్చేశారు.

అప్పుడు ఒక్క ముక్కలో రాసిన మాటను ఇప్పుడు తీరికగా రాస్తున్నాను. చిన్నాన్న చదువుతాడని తెలుసు. కోప్పడడనీ తెలుసు.

కథ తెలియనివాళ్ళ కోసం ముందు ఆ సంగతి. 1757 జనవరి 24న విజయనగరం రాజు పూసపాటి పెదవిజయరామరాజు, ఫ్రెంచి సేనాని బుస్సీ కలిసి బొబ్బిలి కోట మీద పడ్డారు. ఫిరంగుల ముందు కోట నిలవలేదు. లోపలున్న ఆడవాళ్ళు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదని బొబ్బిలివారు తమ చేతులతోనే వాళ్ళ ప్రాణాలు తీశారు. రాజు రంగారావు పోరులో కూలిపోయాడు. కొద్ది రోజులు తిరగకుండానే బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రివేళ విజయరామరాజు గుడారంలోకి చొరబడి ఆయన్ను పొడిచి చంపాడు. ఇంతవరకూ చరిత్ర.

ఇక గుడి చెప్పే కథ. ఆ విజయరామరాజుకు ఒక చెల్లెలు, పేరు పైడితల్లి. చిన్ననాటి నుంచి దేవి ఉపాసనలో ఉన్న పిల్ల. అన్న బొబ్బిలి మీదికి బయలుదేరుతుంటే వద్దని బతిమాలింది. అప్పటికి ఆమెకు మశూచి పోసి ఉంది. అన్న వినలేదు. అన్నకు ప్రాణగండం ఉందని తెలిసి, పతివాడ అప్పలస్వామి అనే మనిషిని వెంటబెట్టుకుని కబురు చెప్పడానికి బయలుదేరింది. దారిలోనే చావు వార్త ఎదురొచ్చింది. అక్కడే సొమ్మసిల్లి పడిపోయింది. తాను అమ్మవారిలో కలిసిపోతున్నానని, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి వైపు దొరుకుతుందని అప్పలస్వామికి చెప్పి కన్నుమూసింది. విజయదశమినాడు చెరువులో వెతికితే ప్రతిమ దొరికింది. ఈనాటి రైల్వే స్టేషను దగ్గర వనంగుడి కట్టారు. ఊరి నడుమ మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి వెలిసింది.

ఇప్పుడు చూడండి. ఈ కథలో అమ్మవారు ఏ రాక్షసుణ్ణీ చంపలేదు. ఎవరికీ వరం ఇవ్వలేదు, ఎవరినీ శపించలేదు. ఆమె చేసింది ఒక్కటే. వద్దంది. ఆ మాట ఎవరూ వినలేదు. ఆమె చెప్పినట్టే జరిగింది. ఆ దుఃఖంలోనే పోయింది. ఈ మనిషిని రెండున్నర శతాబ్దాలకు పైగా ఒక ఊరు ఊరంతా కొలుస్తోంది.

ఊరు ఏ ఊరో కూడా గమనించాలి. విజయనగరం కోటకు 1713లో పునాది వేసినప్పుడు అయిదు విజయాలు కలిసొచ్చేలా చూశారని చెప్పుకుంటారు. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమనే పేరున్న మంగళవారం, విజయరాముడి పేరున్న రాజు, ఊరి పేరులోనే విజయం. పుట్టుకతోనే గెలుపును మొలతాడులా కట్టుకున్న ఊరు ఇది. బొబ్బిలి యుద్ధంలో నిజంగానే గెలిచింది కూడా. మరి ఆ గెలుపుకు గుడి ఏది? నేను పుట్టిపెరిగిన ఊళ్ళో బొబ్బిలి మీద గెలిచినందుకు ఏ పండుగా లేదు, ఏ ఊరేగింపూ లేదు. అదే విజయదశమి దాటాక, అదే మంగళవారంనాడు, ఊరు చేసుకునే అతి పెద్ద పండుగ మాత్రం ఆ యుద్ధం వద్దన్న పిల్లది.

బొబ్బిలివాళ్ళు తమ ఓటమికి స్తంభం నిలబెట్టుకున్నారు. అందులో వింతేమీ లేదు. ఓడిన పౌరుషానికి గుర్తు కావాలి. గెలిచినవాళ్ళు తమ గెలుపును పక్కనబెట్టి, తమను ఆపబోయిన మనిషిని నెత్తిన పెట్టుకోవడం నేను మరోచోట చూడలేదు. అందుకే ఆమెను దుర్గ అవతారంలో కలిపేస్తే నాకు ప్రాణం చివుక్కుమంటుంది. దుర్గమ్మ అంటే నాకూ భక్తే. అయితే దుర్గమ్మ యుద్ధం చేసి గెలిచింది. పైడితల్లి చేయవద్దని చెప్పి ఓడింది. రెండు కథలూ మనకు కావాలి. ఒకదాంట్లో ఒకటి వేసి కలియబెడితే రెండోది కరిగిపోతుంది.

మా అమ్మమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. బొబ్బిలి కథ బుర్రకథగా ఎక్కడ చెబుతున్నా ఆమె చాప చంకనబెట్టుకుని వెళ్ళేది. రంగారావు భార్య మల్లమ్మదేవి ఘట్టం వచ్చేసరికి కొంగు తడిసి ముద్దయ్యేది. విజయనగరం రాజును నోటికొచ్చినట్టు తిట్టేది. కథ అయ్యాక విజయనగరంలోనే ఉన్న ఇంటికి నడిచివచ్చి పడుకునేది. మంగళవారం పొద్దున్నే ఆ రాజుగారి చెల్లెలికి పసుపు కుంకుమలు పట్టుకెళ్ళేది. "నువ్వు ఎటువైపు అమ్మమ్మా?" అని అడిగాను ఒకసారి. ప్రశ్నే అర్థంకానట్టు చూసింది. "ఆడవాళ్ళవైపు" అంది చివరికి, వక్క కొరుకుతూ.

పత్రికల్లో ఆమెను ఉత్తరాంధ్ర కల్పవల్లి అంటారు, ఇలవేల్పు అంటారు, కొంగుబంగారం అంటారు. ఏటా అవే మాటలు, అదే వరసలో. తప్పేమీ లేదు, కానీ అవి ఏ అమ్మవారికైనా అతుకుతాయి. మా ఊళ్ళో ఆమెకున్న అసలు పేరు ఆడపడుచు. పూసపాటివారి ఆడపడుచు అంటారు గానీ మాటల్లో అది ఎప్పుడో ఊరి ఆడపడుచుగా మారిపోయింది. పండక్కి చీర పెట్టడం, గాజులు, పసుపు కుంకుమ, ఊరంతా తిప్పి తిరిగి పంపడం ఇవన్నీ దేవుడికి చేసే ఉపచారాలుగా కన్నా పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకు చేసే మర్యాదల్లాగానే ఉంటాయి. ఆరు నెలలు వనంగుడిలో, ఆరు నెలలు చదురుగుడిలో ఉంటుందని చెప్పుకుంటారు. అత్తిల్లూ పుట్టిల్లూ లాగా. వేసవిలో ఊళ్ళోకి తెచ్చుకుంటారు. దసరా వెళ్ళాక పూజారిని కొసన కూర్చోబెట్టి తిప్పే సిరిమాను అనే పెద్ద మాను తిరిగాక పెద్దచెరువులో తెప్పోత్సవం, ఆపైన ఉయ్యాల కంబాల అనే వేడుక. అదీ అయ్యాక మళ్ళీ వనానికి సాగనంపుతారు.

తెలుగు నేల మీద ఈ వరస కొత్తది కాదు. అకాలంగా, అన్యాయంగా పోయిన ఇంటి ఆడకూతురిని పేరంటాలుగా నిలుపుకుని పూజించే ఆచారం కోస్తా అంతటా ఉంది. ఏ ఊరి పొలిమేరకు వెళ్ళినా వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి, దానికో మనిషి పేరు. ఎవరి కూతురో, ఎవరి కోడలో ఊళ్ళో ముసలివాళ్ళకు తెలుస్తుంది. పేరంటాళ్ళలో చాలామంది ఆ ఊరి పొలిమేర దాటలేదు. పైడితల్లి మాత్రం ఒక రాజ్యపు పేరంటాలు అయింది. ఆమెను పోలమ్మలు, అసిరమ్మలు, ఎర్నమ్మలు, నూకాలమ్మల పక్కన నిలబెట్టి చూస్తే కుదురుగా ఉంటుంది. సిరిమాను కూడా ఆమెకొక్కదానికే కాదు, శంబర పోలమాంబకూ తిరుగుతుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక శంబర పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గానీ, జాతరకు వెళ్ళేవాళ్ళు జిల్లా సరిహద్దు చూసుకుని వెళ్ళరు.

ఆమె ఎంత ఇంటిమనిషో తెలియాలంటే గుడికి కూడా వెళ్ళనక్కరలేదు, మా వైపు హాజరుపట్టీ చూస్తే చాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక తరం వెనక్కి వెళ్తే దేవుళ్ళంతా బడిలో బెంచీల మీద కూర్చుని ఉంటారు. సింహాచలం అప్పన్న వల్ల అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ. సింహాచలం అని కొండ పేరే పెట్టేస్తారు, మగపిల్లవాడికైనా ఆడపిల్లకైనా. అరసవల్లి వల్ల సూర్యనారాయణ. అసిరితల్లి వల్ల అసిరినాయుడు, అసిరమ్మ. పైడితల్లి వల్ల పైడిరాజు, పైడినాయుడు, పైడమ్మ. ఒక పేరు వింటే ఆ మనిషి తాతలది ఏ తాలూకానో ఉజ్జాయింపుగా చెప్పేయవచ్చు.

నాకు పుట్టినప్పుడు పెట్టిన పేరు పైడితల్లి. అయిదో తరగతిలో కొత్త బడికి మారుతున్నప్పుడు రిజిస్టరు రాస్తున్న మాస్టారు కలం పైకెత్తి, "ఇది అమ్మవారి పేరు కదమ్మా, మీ అమ్మాయి పేరు చెప్పండి" అన్నారు. మా అమ్మ తడబడింది. ఆయనే దయతలచి వాణి అని రాశారు. సరస్వతి అమ్మవారి పేరు కాదని ఆయన ఉద్దేశం కాబోలు. మా అన్నయ్య మాత్రం నన్ను ఇప్పటికీ పైడీ అనే పిలుస్తాడు. ఈ తరం పిల్లల పేర్లు చూస్తున్నాను. ఏ రాష్ట్రంవాళ్ళో కూడా పోల్చలేం. దానికి నేను ఏడవను గానీ, అమ్మవారి మహత్యం గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్ళు మనవరాలికి ఆ పేరు పెట్టడానికి మాత్రం సిగ్గుపడుతున్నారని చెప్పకుండా ఉండలేను. చిన్నాన్న ఇంట్లోనూ అంతే.

ఇక రెండోవైపు నుంచి వచ్చే మాట. కాలేజీలో నాతో చదువుకున్న స్నేహితుడు ఒకడు, దేవుణ్ణి నమ్మడు, వాదనలో దిట్ట. అతనంటాడు: "ఇదంతా కోట అల్లిన కథ. బొబ్బిలిలో ఆడవాళ్ళ ఉసురు తగిలిందన్న పేరు పోగొట్టుకోవడానికి, మా ఇంట్లోనూ ఒక మహాతల్లి ఉంది అని చెప్పుకున్నారు. నెత్తురు కడుక్కోవడానికి పసుపునీళ్ళు." ఈ మాటను నేను తేలిగ్గా తీసేయను. చిన్నాన్న మాటకన్నా దీనికి జవాబు చెప్పడం కష్టం. నిజమే అయి ఉండవచ్చు కూడా. రాజులు గుళ్ళు ఊరికే కట్టరు.

కానీ కోట అల్లిన కథ అయితే కోటకు ఇంత తక్కువ చోటు ఎందుకు దక్కుతుంది? పండుగలో ఎవరెవరి పని ఏమిటో చూడండి. అమ్మవారి పూజారులు బ్రాహ్మణులు కారు. చావు కబురు విన్న చోట ఆమె పక్కనున్న పతివాడ అప్పలస్వామి వారసత్వంగా ఆ పూజారితనం వస్తోంది. సిరిమాను ముందు నడిచేవాటిలో పాలధార, తెల్లఏనుగు, అంజలి రథంతోపాటు జాలరివల ఉంటుంది. చెరువులోంచి అమ్మవారిని పైకి తెచ్చిన బెస్తవారి వలకు గుర్తు అది. మాను ఒక రైతు తోటలోంచి వస్తుంది. దాన్ని చెక్కేది వడ్రంగులు, లాగేది జనం. పూసపాటివారు ఏం చేస్తారు? కోట బురుజు మీద కూర్చుని, మాను తమ ముందుకు వచ్చినప్పుడు లేచి చేతులు జోడిస్తారు. అంతే. వద్దంటే వినని అన్న వంశం, ఆమె తరపున గాలిలో కూర్చుని వచ్చిన ఒక సామాన్యుడికి ఏటా దండం పెడుతుంది. కడుక్కోవడం అంటే కడుక్కోవడమే అనుకుందాం. ఊరందరి ఎదుట, ఏడాదికోసారి, మరిచిపోకుండా కడుక్కుంటున్నారు. చాలా రాజవంశాలకు ఆ నెత్తురు సంగతే గుర్తుండదు.

సిరిమాను చూడనివాళ్ళకు దాని గురించి చెప్పడం ఎప్పుడూ నా వల్ల కాలేదు, అయినా ప్రయత్నిస్తాను. చింతమాను. యాభై, అరవై అడుగుల పొడవు. మొదలు బండి మీద, ఇరుసుమానుకు బిగించి ఉంటుంది. కొస ఏటవాలుగా ఆకాశంలోకి లేచి ఉంటుంది. ఆ కొసన ఒక ఆసనం కట్టి, అందులో పూజారిని కూర్చోబెడతారు. ఆ పూట ఆయనే అమ్మవారు. మధ్యాహ్నం దాటాక చదురుగుడి దగ్గర కదిలి, కోట దాకా వెళ్ళి, తిరిగి గుడికి. అలా మూడుసార్లు.

మా పెద్దమ్మ మేడ ఆ దారిలోనే. పొద్దున పది గంటలకే పిట్టగోడ పొడవునా చుట్టాలు చోటు పట్టేస్తారు. పిల్లల చేతుల్లో ఒక్కొక్క అత్తం అరటిపళ్ళు. తినవద్దని చెప్పినా సగం తినేస్తారు. డప్పులు ముందు కడుపులో వినిపిస్తాయి, తర్వాత చెవిలో. వీధి మలుపులో మాను కొస కనిపిస్తుంది, కింది బండి కనబడదు. ఇళ్ళ కప్పుల మీదుగా ఒక మనిషి తేలుతూ వస్తున్నట్టు ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది అరటిపళ్ళ వాన. మేడల మీద నుంచి, అరుగుల మీద నుంచి, చెట్ల మీద నుంచి. మానుకు తగిలి కింద పడ్డ పండు దొరికితే అది ప్రసాదం. మా మేడకు ఎదురుగా వచ్చినప్పుడు ఆ మనిషి ముఖం మనకు సరిసమానంగా ఉంటుంది, మహా అయితే పది అడుగుల దూరం. ఒక ఏడాది నేను చూసినప్పుడు ఆయన కళ్ళు సగం మూసి ఉన్నాయి. నుదుటి మీద చెమట కుంకుమను చెంప దాకా లాక్కొచ్చింది. ఒక చేయి ఆసనాన్ని గట్టిగా పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. అంతెత్తున, అంత ఊపులో, దేవత అయినా పట్టుకోక తప్పదు. ఆ చెయ్యి చూశాక నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మరుక్షణం మా పిన్నికొడుకు విసిరిన పండు గురితప్పి నా చెవి వెనక తగిలింది.

మాను వెళ్ళిపోయాక రోడ్డంతా నలిగిన పళ్ళ గుజ్జు. జారిపడినవాళ్ళను లేపుతూ, నవ్వుతూ, చెప్పులు చేత్తో పట్టుకుని జనం. రాత్రి దాకా ఊరంతా మగ్గిన అరటి వాసన. ఈ మధ్య బారికేడ్లు, పాసులు, పైన తిరిగే డ్రోన్లు వచ్చాయి. భద్రతకు కావాలంటారు, కావాలేమో. ఒక ఏడాది పాసు చేతిలో ఉండి కూడా గుడి ముందు మూడు గంటలు నిలబడి, దర్శనం కాకుండానే వెనక్కి వచ్చాను. నా వెనక నిలబడిన ముసలామె, పల్లెటూరి మనిషి, "పుట్టింటికి వచ్చిన పిల్లను చూడ్డానికి టిక్కెట్టేమిటమ్మా" అంది. నాకన్నా బాగా చెప్పింది.

ఈ మాను గురించే ఇంకో మాట. వీపు కండల్లో ఇనుప కొక్కేలు గుచ్చి, నిలువు కొయ్యమీద తిరిగే దూలానికి మనిషిని వేలాడదీసే సిడి మొక్కు దక్షిణాదిలో పందొమ్మిదో శతాబ్దం దాకా విస్తారంగా ఉండేది. తెల్లదొరల ప్రభుత్వం అడ్డుకుంటూ రావడంతో తగ్గిపోయింది. సిరిమాను చూసినప్పుడల్లా నాకు ఆ సిడిమాను గుర్తొస్తుంది. సిరికీ సిడికీ ఒక్క అక్షరమే తేడా. రెండూ ఒకటేనని నేను తేల్చిచెప్పను, నాకు తోచిన పోలిక మాత్రమే. నిజమే అయితే మాత్రం ఇంత మంచి సవరణ ఇంకోటి ఉండదు. కొక్కెం పోయి కుర్చీ వచ్చింది. నొప్పి పోయింది, ఎత్తు మిగిలింది. ఆచారం అంటే మారకూడనిది అని వాదించేవాళ్ళు ఒకసారి ఆ కుర్చీని చూసి మాట్లాడాలి.

చెట్టు సంగతి నాకూ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంటుంది. ఏటా పూజారికి అమ్మవారు కలలో కనిపించి ఏ దిక్కున చెట్టు ఉందో చెబుతుందని నమ్మకం. వెతికి పట్టుకుంటారు. తోట యజమాని పొంగిపోతాడు, పసుపు కుంకుమలతో పూజ చేసి ఇస్తాడు. అంతా బాగానే ఉంది. కానీ అంత పొడవున, వంకర లేకుండా పెరిగిన చింత అంటే ఎన్ని దశాబ్దాల చెట్టో ఆలోచించండి. చింత తాత నాటితే మనవడు తినే చెట్టు. రోడ్ల వెడల్పుకు, ఇళ్ళ స్థలాలకు తోటలన్నీ పోతున్నాయి. నిరుడు మా స్నేహితుడు "ఇనుప గొట్టంతో చేయించవచ్చు కదా" అన్నాడు. ఇనుము మొలవదు, కాయదు, కలలో కనిపించదు. నా మటుకు నాకు తోచింది ఇది: దీక్ష పట్టే ప్రతి మనిషీ ఒక చింతగింజ పాతాలి. గుడి తరపున ఒక తోపు ఉండాలి. అమ్మవారి కలలోకి రావడానికి చెట్లు మిగలాలి కదా.

మశూచి మాట ఇందాక పైపైన వదిలేశాను. ఆ రోగాన్ని మన భాషలో రోగం అనరు, అమ్మవారు పోసింది అంటారు. అంటే రోగి ఒంట్లోనే దేవత ఉన్నట్టు లెక్క. వేపాకు, పసుపు, చల్లటి గది, గట్టిగా మాట్లాడకపోవడం. 1980లో మశూచి ప్రపంచంలో ఎక్కడా లేదని ఆరోగ్య సంస్థ ప్రకటించింది. టీకా గెలిచింది, గెలవాలి కూడా. కానీ పైడితల్లి కథలో ఆ రోగం ఊరికే రాలేదని నా అభిప్రాయం. ఒంటినిండా అమ్మవారు పోసి మంచాన పడి ఉన్న ఆడపిల్ల, గుర్రమెక్కుతున్న అన్నతో వద్దు అంటోంది. జ్వరం మాటలు అనుకుని ఉంటాడు. మనం ఇళ్ళలో ఆడవాళ్ళ మాటను తీసిపారేయడానికి ఎప్పుడూ ఏదో ఒక కారణం ఉంటుంది. ఒంట్లో బాగాలేదు, చిన్నపిల్ల, లోకం తెలియదు, పెళ్ళయి వెళ్ళిపోయింది నీకెందుకు.

చివరిది మా ఇంట్లో విన్నాను. నెల్లిమర్ల వైపు మాకు ఎకరంన్నర మడి ఉండేది. నాన్న పోయాక అన్నయ్య దాన్ని అమ్మి, ఆ డబ్బుతో ఎవరితోనో కలిసి వ్యాపారం పెడతానన్నాడు. నేను వద్దన్నాను. ఫోనులో చెప్పాను, వచ్చి చెప్పాను, వదినతో చెప్పించాను. సంతకం పెట్టడానికి కూడా రెండు నెలలు తాత్సారం చేశాను. చివరికి పెట్టాను, ఎంతైనా అన్నయ్య. వ్యాపారం రెండేళ్ళు కూడా నిలవలేదు. అన్నయ్య ఆ తర్వాత ఎప్పుడూ నాతో ఆ విషయం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా మధ్య కోపం లేదు, ఆ మడి లేదు అంతే.

నాన్న ఉన్న రోజుల్లో తొలేళ్ళంటే ఆయనదే హడావుడి. సిరిమానుకు ముందురోజు, సోమవారం రాత్రి, అమ్మవారి దగ్గర రాశిగా పోసి పూజించిన విత్తనాలను పూజారి రైతులకు పంచుతాడు. తుక్కు దులిపిన తువ్వాలు భుజాన వేసుకుని నాన్న సాయంత్రమే బయలుదేరేవాడు. అర్ధరాత్రి దాటాక తువ్వాలు కొసన గుప్పెడు ధాన్యం మూటగట్టుకుని వచ్చేవాడు. మమ్మల్ని నిద్రలేపి మరీ చూపించేవాడు. మామూలు ధాన్యమే. తొలకరిదాకా దేవుడి అరలో ఉంచి, నారుమడికి విత్తనం నానబెట్టేటప్పుడు బస్తాలో కలిపేవాడు. గుప్పెడు గింజలు బస్తాను ఎలా మారుస్తాయని ఒకసారి అడిగితే, "మజ్జిగచుక్క పాలను ఎలా మారుస్తుంది?" అన్నాడు.

అమ్మవారి మహత్యమంటూ ఒకటుంటే అది నాకు శత్రునాశనంలో కనబడదు, ఈ గుప్పెట్లో కనబడుతుంది చిన్నాన్నా. కోట, యుద్ధం, వంశం అన్నీ అటుంచి, ఆ పిల్ల చివరికి చేరింది రైతు తువ్వాలు కొసకు.

ఈ ఏడాది నేను తొలేళ్ళకే వెళ్ళాను. అన్నయ్య భోజనం చేసి, నాన్న తువ్వాలు లాంటిదే ఒకటి భుజాన వేసుకుని బయటికి వెళ్ళాడు. ఎక్కడికని వదినను అడిగితే, "ఏటా వెళ్తారు" అంది. దేవుడి అరలో ఉన్న ఇత్తడి గ్లాసు తెచ్చి చూపించింది. అందులో మడి అమ్మిన ఏటి నుంచీ తెచ్చిన గింజలు, ఏ ఏటివి ఏవో తెలియకుండా కలిసిపోయి, గ్లాసు అంచుదాకా ఉన్నాయి. పైన ఉన్నవి ఇంకా పసుపుపచ్చగా, అడుగున ఉన్నవి మట్టిరంగులో. "పారబొయ్యనివ్వరు, వండనివ్వరు, ఎక్కడ చల్లుతారని అడిగితే మాట్లాడరు" అంది వదిన.

అన్నయ్య రెండు దాటాక వచ్చాడు. నేను మేలుకునే ఉన్నాను. గ్లాసులో కొత్త గింజలకు చోటు లేదు. కాసేపు గ్లాసును, తువ్వాలును మార్చి మార్చి చూసి నా పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"పైడీ, మీ బాల్కనీలో కుండీలున్నాయి కదూ" అన్నాడు.

"ఉన్నాయి అన్నయ్యా. ఎండ తక్కువ."

"పర్లేదు" అని, నా చేతిరుమాలు అడిగి తీసుకుని, తువ్వాలు ముడి విప్పాడు.